పప్పుచారుకి బెంటో బాక్సు కుదురుతుందా?

బడులు తెరిచారు కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం లంచ్ బాక్సుల మీదే. అందులోనూ అరలు అరలుగా ఉండే ఆ బెంటో బాక్సుల మీద. అన్నీ వేసే చోటు లేదు కాబట్టి ఒకేలా ఉన్నవి కలిపేసి కొన్నిటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మా బాబు ఒకటో తరగతి. ఆన్‌లైన్‌లో చూసి ముచ్చటపడి 5 అరల ప్లాస్టిక్ బెంటో బాక్సు కొన్నాను, 1,200 రూపాయలు. లీక్ ప్రూఫ్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మొదటిరోజే పప్పుచారన్నం ఒక దాంట్లో, ఆలుగడ్డ వేపుడు ఒక దాంట్లో, ద్రాక్షపండ్లు ఇంకో దాంట్లో పెట్టి పంపితే సాయంత్రానికి అంతా ఒకటే అయిపోయి వచ్చింది. ద్రాక్షపండ్లకి కూడా పప్పుచారు వాసన. బ్యాగు మాత్రం తడవలేదు. నేనే మూత సరిగ్గా పెట్టలేదా, మోసపోయానా?
ఒక అమ్మ, హనుమకొండ

జవాబు: మోసపోలేదు చెల్లీ, వాళ్లు చెప్పింది సగమే నిజం, అంతే. బ్యాగు తడవలేదన్నావు చూడు, జవాబు అక్కడే ఉంది. లీక్ ప్రూఫ్ అంటే చాలా డబ్బాల విషయంలో లోపలిది బయటికి రాదని అర్థం. ఒక అరలోది పక్క అరలోకి పోదని ఎవరూ మాట ఇవ్వలేదు. ఒకసారి మూత తిరగేసి చూడు. రబ్బరు చుట్టూ అంచు వెంబడే ఒక్క గీతలా ఉందంటే అది బయటికి కారకుండా ఆపుతుంది, లోపల గోడలకీ మూతకీ మధ్య వెంట్రుకంత సందు ఉంటే చాలు, బాబు బ్యాగు వేసుకుని మెట్లు ఎక్కేసరికి చారు ఊరంతా తిరిగొస్తుంది. అలా కాకుండా కింద అరలు ఏ ఆకారంలో ఉన్నాయో అచ్చం అదే ఆకారంలో మూతలో కూడా రబ్బరు గట్లు ఉంటే, అది ఏ అరకి ఆ అరని మూస్తుంది. కొనేముందు ఆ ఫొటోలో డబ్బా కాదు, మూత లోపలి వైపు చూడాలి. ఆ ఫొటో పెట్టలేదంటే ఎందుకు పెట్టలేదో మనకి తెలిసిపోయినట్టే.

కొత్త డబ్బా ఏది కొన్నా అన్నం పెట్టకముందు ఇంట్లో ఒక పరీక్ష చెయ్యి. ఒక అరలో చిటికెడు పసుపు కలిపిన నీళ్లు పొయ్యి. మిగతా అరల్లో టిష్యూ పేపరు ముక్కలు వెయ్యి. క్లిప్పులు బిగించి, పేపరు పరిచి, దాని మీద డబ్బా తలకిందులుగా పది నిమిషాలు వదిలేసి, నాలుగుసార్లు ఊపు. తర్వాత తెరిస్తే ఏ టిష్యూ పచ్చబడిందో అదే చెబుతుంది. వాపసు గడువు లోపల చేస్తే డబ్బులు కూడా వెనక్కి వస్తాయి. నేను ఈ పరీక్ష నేర్చుకున్నది మా అమ్మాయి లెక్కల నోటుబుక్కు మీద చారు ఒలికిపోయాక. ఆ పేజీలు ఎండలో ఆరబెట్టినా ఏడాదంతా మిరియాల వాసనే.

అసలు సంగతి ఏమిటంటే, ఆ డబ్బా పుట్టింది పప్పుచారు తినే ఇంట్లో కాదు. జపాన్‌లో బెంటో అంటే డబ్బా పేరు కాదు, కట్టుకెళ్లే భోజనం పేరు. వాళ్లు అందులో పెట్టేది అన్నం, కాల్చిన చేప, చుట్టిన ఆమ్లెట్టు, ఊరగాయ ముక్క. అన్నీ పొడిగా, ముక్కలుగా ఉండేవే. కూరకి తడి ఎక్కువైతే పిండి పట్టించో, నీళ్లు వార్చో పెడతారు. పైగా వాళ్ల బియ్యం పొట్టి గింజ, జిగురు ఎక్కువ, చల్లారినా మెత్తగా ఉంటుంది. మన సోనామసూరి అన్నం ఉత్తదే పెడితే పన్నెండింటికల్లా పొడిపొడిగా బిరుసెక్కిపోతుంది, అందుకే మనం దానికి నూనో, పెరుగో, పులుసో తగిలిస్తాం. ఆ లెక్కన చూస్తే మనకి బెంటో ఎప్పటినుంచో ఉంది, పేరే లేదు. రైలు ప్రయాణానికి కట్టే పులిహోర బెంటో కాక మరేమిటి? జపాన్‌లో రైల్వేస్టేషన్లలో అమ్మే భోజనం పొట్లాలు 1885లో ఉత్సునొమియా స్టేషన్‌లో మొదలయ్యాయని చెబుతారు, అందులో ఉన్నవి కూడా ఒక జత అన్నం ముద్దలు, పక్కన ముల్లంగి ఊరగాయ, అంతే.

కాబట్టి ఆ డబ్బా పారేయకు. అందులో పులిహోర, నిమ్మకాయన్నం, ఇడ్లీ పొడి, చపాతీ చుట్టలు, పొడి వేపుళ్లు, పండ్ల ముక్కలు హాయిగా పెట్టు. గట్టి ముద్దపప్పు అన్నంలో కలిపి పెట్టినా కదలదు. చారు, సాంబారు, మజ్జిగపులుసు పంపాలనుకున్న రోజు మాత్రం మరమూత ఉన్న గుండ్రటి చిన్న స్టీలు డబ్బా ఒకటి విడిగా పెట్టు. గుండ్రటి అంచు మీద రబ్బరు అన్ని వైపులా సమానంగా నొక్కుకుంటుంది, నలుచదరపు డబ్బా మూలల దగ్గరే మోసం చేస్తుంది.

ఇంకో మాట. ఒకటో తరగతి పిల్లాడికి 5 అరల పెద్ద డబ్బా ఎందుకు? జపాన్‌లో ఈ డబ్బాలు మిల్లీలీటర్ల లెక్కన అమ్ముతారు, బడికి పోయే చిన్న పిల్లలకి దాదాపు 280 నుంచి 360 మి.లీ., పెద్ద ఆడవాళ్లకి 500, 600, మగవాళ్లకి 700 పైన. ఆ మి.లీ. ఎంతో తెలియాలంటే మీ రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు తియ్యి. అది 180 మి.లీ., జపాన్ వాళ్ల పాత బియ్యం కొలతే, కుక్కర్‌తో పాటు మన వంటింట్లోకి కూడా వచ్చేసింది. బాబు ఇంట్లో ఒక పూట తినే అన్నం, కూర ఆ కప్పుతో కొలువు. రెండు కప్పులు తింటే 360 డబ్బా. మన అన్నం వాళ్లలా అదిమి పెట్టం కాబట్టి ఇంకో 100 కలుపు. 1,000 మి.లీ. డబ్బా కొంటే అందులో సగం ఖాళీ, ఖాళీ ఉన్నచోటే అన్నీ దొర్లి కలిసిపోతాయి.

చివరగా, ఆ క్లిప్పులు నువ్వు కాదు, బాబు తెరవాలి. నీ ఎదురుగా కూర్చోబెట్టి, చేతికి కొంచెం నూనె తగిలించి మరీ అయిదుసార్లు తెరిచి మూయించు. తడబడితే ఆ డబ్బా వాడికి పనికిరాదు. ఎవరినీ అడగలేక అన్నం తినకుండా తెచ్చేసే పిల్లలు ఎంతమందో.

ప్రశ్న: మేడమ్, నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను, పెళ్లి కాలేదు, నేనే వండుకుంటాను. ఇంట్లో మా అమ్మ ఇచ్చిన మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఉంది. ఆఫీసులో అందరూ బెంటో బాక్సులు తెస్తుంటే ఇది పట్టుకెళ్లడం కొంచెం మొహమాటంగా ఉంది. ఆఫీసులో మైక్రోవేవ్ ఉంది. ఏది మంచిది?

జవాబు: మొహమాటం సంగతి మీరే చూసుకోండి, నాకైతే క్యారేజీ తెచ్చేవాడి భోజనం మీదే ఎప్పుడూ కన్ను. మూడు గిన్నెలు అంటే మూడు మూతలు, కలిసే ప్రశ్నే లేదు. పప్పు, కూర, పెరుగు అన్నీ పట్టుకెళ్లేవాళ్లకి దాన్ని మించింది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఒక్కటే ఇబ్బంది, స్టీలు మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. బయట రంగురంగుల ప్లాస్టిక్కు, లోపల స్టీలు ఉండే డబ్బాలూ అంతే, పైకి ప్లాస్టిక్కులా కనిపిస్తాయని లోపల పెట్టేశారంటే నిప్పురవ్వలే. ఆఫీసు డ్రాయరులో ఒక పింగాణీ పళ్లెం పడేసుకోండి, అందులో వంచుకుని వేడి చేసుకోండి, సమస్య తీరిపోయింది.

బెంటోయే కావాలంటే అడుగున త్రికోణంలో 5 అంకె, పక్కన మైక్రోవేవ్ గుర్తు ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా చూడండి. ఆ గుర్తు డబ్బాకి ఉండి మూతకి లేకపోవచ్చు, చాలా వాటికి మూత తీసేసే వేడి చేయాలి. నూనె తేలే గుత్తివంకాయ లాంటివి అందులో వేడి చేయకండి. నూనె నీళ్లకంటే ఎక్కువ వేడెక్కుతుంది, నూనె తగిలినచోట ప్లాస్టిక్కు తెల్లగా గరుకుగా పొక్కిపోయి ఉండటం చూసే ఉంటారు. గాజు డబ్బాలు ఈ విషయంలో మేలే కానీ బస్సులో వెళ్లేవాళ్లకి బరువు.

ప్రశ్న: నమస్తే అండీ. మా కోడలు పొద్దున్న 7 గంటలకి కుక్కర్ దింపగానే పొగలు కక్కే అన్నం డబ్బాలో కుక్కి మూత బిగించేస్తుంది. వేడిగా ఉంటుందని తన మాట. మధ్యాహ్నానికి మూత ఊడి రాదు, వచ్చాక అన్నం చెమట పట్టి ఒకలాంటి వాసన అని మా మనవరాలు తినడం లేదు. చెబితే పాతకాలం మనిషినంటారు. మీరు చెప్పండి.
ఒక నాన్నమ్మ, నెల్లూరు

జవాబు: అమ్మా, ఈ పేజీ మీ కోడలికి నేరుగా చూపించకండి, బల్ల మీద తెరిచి వదిలేయండి చాలు.

గాలి చొరని డబ్బాలో వేడి అన్నం పెట్టి మూస్తే లోపలి ఆవిరి చల్లారి నీళ్లవుతుంది, లోపల ఒత్తిడి తగ్గి మూతని బయటి గాలి నొక్కి పట్టేస్తుంది. అందుకే ఊడిరాదు. కొన్ని మూతలకి పైన చిన్న రబ్బరు బిరడా ఉంటుంది, అది ఎత్తితే టప్‌మని గాలి లోపలికి పోయి మూత వచ్చేస్తుంది. పాపకి అది చూపించండి. చెమట నీళ్లన్నీ అన్నం మీదే కారతాయి కాబట్టి వాసన. ఇంకా ముఖ్యమైనది, అన్నంలో ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు (కంటికి కనిపించవు) ఉంటాయి, గోరువెచ్చగా గంటల తరబడి మూసి ఉంచితే అవి పెరిగి వాంతులు తెప్పిస్తాయి. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య వాటికి పండగ. పూర్తిగా వేడిగా ఉంచగలిగితే ఉంచాలి, లేదంటే చల్లార్చి పెట్టాలి, ఆ మధ్య రకమే ప్రమాదం. బెంటో కట్టే జపాన్ ఇళ్లలో మొదట నేర్పే పాఠం కూడా ఇదే, చల్లారేదాకా మూత పెట్టకూడదు. మీది పాతకాలం మాటేం కాదు.

అమెరికా ఆహార భద్రత లెక్క ప్రకారం వండినది బయట 2 గంటలకి మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటే. నెల్లూరులో ఆ లెక్క పెడితే ఏ బిడ్డా డబ్బా తీసుకెళ్లలేదనుకోండి. కానీ మన పెద్దవాళ్లు దీనికి దారి వెతుక్కునే ఉన్నారు కదా: చింతపండు, నిమ్మకాయ, పెరుగు. పులుపు క్రిమిని తొందరగా పెరగనివ్వదు. పొద్దున్న అన్నం వెడల్పు పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పావుగంట ఆరనిచ్చి, పులిహోరో నిమ్మకాయన్నమో కలిపి పెట్టమనండి. పెరుగన్నమైతే అన్నం మెత్తగా మెదిపి, కాచి ఆర్చిన పాలు ధారాళంగా పోసి, పెరుగు రెండు చెంచాలే వేసి కలపాలి. మధ్యాహ్నానికి డబ్బాలోనే తోడుకుని కమ్మగా ఉంటుంది, పొద్దున్నే పెరుగంతా పోసేస్తే పులిసిపోతుంది. రాత్రి మిగిలిన అన్నం, కొబ్బరి పచ్చడి ఎండాకాలంలో డబ్బాలోకి వద్దే వద్దు.

ప్రశ్న: స్టీలు బెంటో కొందామని రాజమండ్రిలో స్టీలు సామాన్ల కొట్టుకి వెళితే, అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని పెట్టి చూపించారు. అది నిజమేనా? 304 అంటే ఏమిటి?

జవాబు: ఆ అయస్కాంతం సగమే చెబుతుందండీ. 304 అంటే అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం ఉన్న రకం, 18/8 అని రాసినా అదే. దానికి అయస్కాంతం సరిగ్గా అంటుకోదు. కానీ నికెల్ తగ్గించి మాంగనీస్ ఎక్కువ వేసి చవగ్గా చేసే 202కి కూడా అంటుకోదు! రెండూ పక్కపక్కన పెడితే అయస్కాంతం తేడా చెప్పలేదు. పైగా మంచి 304 డబ్బాకి కూడా గట్టిగా ఒత్తి వంచిన మూలల దగ్గర కొంచెం పట్టుకోవచ్చు, అంతమాత్రాన అది చెడ్డదీ కాదు. డబ్బా మీద గ్రేడు ముద్ర ఉందా చూడండి, బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయడానికి కొట్టువాడు నసిగితే అర్థమైపోతుంది.

ఇడ్లీ, చపాతీ పెట్టుకునేవాళ్లకి 202 అయినా కొంపలేమీ మునగవు. ఉప్పు, చింతపండు ఉన్నవి గంటల తరబడి నిలవ ఉంచే డబ్బాకే 304 కావాలి, లేకపోతే కొన్నాళ్లకి అడుగున సూదితో గుచ్చినట్టు చుక్కలు పడతాయి. అల్యూమినియం అయితే పులుపు దగ్గరికే రానివ్వకండి. జపాన్‌లో తెల్లటి అన్నం మధ్యలో ఎర్రటి ఉప్పు ఊరగాయ పండు ఒక్కటి పెట్టి, అచ్చం వాళ్ల జెండాలా ఉండే పేదవాడి బెంటో ఒకటి ఉండేది. రోజూ ఆ పులుపు తగిలీ తగిలీ పాత అల్యూమినియం డబ్బాల మూతలకి నడిమధ్యలో చిల్లులు పడేవని ఇప్పటికీ చెప్పుకుంటారు.

బరువు కూడా చూసుకోండి. ఖాళీ డబ్బాని కాటా మీద పెట్టమనండి, మొహమాటం వద్దు. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. 20 కేజీల పాపకి 2 కేజీలు, అందులో ఖాళీ డబ్బాకే 700 గ్రాములు పోతే పుస్తకాలు ఎక్కడ పెడతారు? అన్నట్టు స్టీలు కొంటే అక్కడే పేరు చెక్కించేయండి. మూతకి కూడా. బడిలో తప్పిపోయేవి ఎప్పుడూ మూతలే.

ప్రశ్న: అక్కా, మేం టెక్సస్‌లో ఉంటాం. పాప కిండర్‌గార్టెన్. స్కూల్లో వేడి చేసి పెట్టరు, తినడానికి 20, 25 నిమిషాలే టైము. క్లాసులో పల్లీలు, జీడిపప్పు నిషేధం. బెంటోలో ఏం పెట్టాలో తోచడం లేదు, రోజూ బ్రెడ్డేనా?

జవాబు: మీకు బెంటో నిజంగానే పనికొస్తుంది, ఎందుకంటే టైము లేదు. మూతలు మూడు తెరిచి, కలుపుకుని తినే తీరిక లేని పిల్లకి ఒక్క మూత తీస్తే అన్నీ కనిపించి, చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకునేలా ఉండాలి. మినీ ఇడ్లీలు నెయ్యి రాసి, దోసె చుట్టి ముక్కలు కోసి, చపాతీలో పొడికూర పెట్టి చుట్టి, నిమ్మకాయన్నం చిన్న ముద్దలు చేసి. పులిహోరలో పల్లీల బదులు శనగపప్పు, మినప్పప్పు కాస్త ఎక్కువ వేసి కరకరలాడేలా వేయించండి. ఇడ్లీ పొడి విషయంలో జాగ్రత్త, ఇండియా నుంచి అమ్మ పంపిన పొడిలో పల్లీలు కలిశాయేమో ఫోన్ చేసి కనుక్కోండి, కారప్పొడిలో పల్లీలు వేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

వేడిగా సాంబారన్నమే కావాలంటే అది బెంటో పని కాదు, వెడల్పు నోరున్న చిన్న థర్మాస్ జాడీ కొనండి. అందులో మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, వెంటనే పొగలు కక్కే సాంబారన్నం నింపాలి. ముందు నీళ్లు పోయకపోతే జాడీయే ఆ వేడి మింగేస్తుంది. మెత్తగా, జారుగా పెట్టండి, లోపల గట్టిపడుతుంది. ఆ మూత పాప తిప్పగలదో లేదో కూడా ముందే చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి నాగోయాలో ఉద్యోగం. వచ్చేటప్పుడు పల్చటి చెక్క వంచి చేసిన అండాకారం డబ్బా తెచ్చాడు. చాలా ఖరీదట. అది వాడాలా, షోకేసులో పెట్టాలా?
కాకినాడ

జవాబు: వాడండి, కానీ కోడికూర పెట్టకండి బాబూ! అది మగెవప్పా అయి ఉంటుంది, అకితా ప్రాంతంలోని ఒదాతే ఊరు వాటికి పేరు. అక్కడి సుగి అనే దేవదారు లాంటి చెట్టు చెక్కని పల్చగా చీల్చి, వేడినీళ్లలో మెత్తబరిచి వంచి, చెర్రీ బెరడుతో కుడతారు. చెక్క అన్నంలోని చెమ్మ పీల్చుకుంటుంది, అందుకే అన్నం తడిసి ముద్దవకుండా ఉంటుంది. పైన మెరిసే పూత లేని ఉత్త చెక్క అయితే పసుపు, నూనె తగిలితే మచ్చ పోదు. ఇడ్లీలకి, పొడి ఉప్మాకి అరిటాకు ముక్క వేసి వాడుకోండి. పెట్టేముందు లోపల నీళ్లతో తడిపి తుడవాలి, తిన్నాక వెంటనే కడిగి నీడలో వెల్లకిలా ఆరబెట్టాలి. నానబెట్టడం, మైక్రోవేవ్‌లో పెట్టడం రెండూ వద్దు.

ప్రశ్న: బెంటో బాక్సు నెలకే పచ్చగా అయిపోయింది, మూత దగ్గర ఎంత తోమినా ఆవకాయ వాసన పోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: పసుపు రంగు నీళ్లకి లొంగదు, నూనెకి లొంగుతుంది. ముందు నూనె చుక్క వేసి గుడ్డతో రుద్ది, తర్వాత సబ్బుతో కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టండి. ఎండకి ఆ రంగు విరిగిపోతుంది. సబ్బు తగలగానే ఎర్రగా మారితే కంగారు పడకండి, అది పసుపు గుణం.

వాసన డబ్బాది కాదు, రబ్బరుది. పుల్లతోనో చెంచా కాడతోనో రబ్బరు బయటికి లాగి చూడండి, గాడిలో నల్లగా బూజు కూడా ఉంటుంది, చూశాక రెండు రోజులు అన్నం సయించదు. వారానికి రెండుసార్లయినా రబ్బరు తీసి, సోడా ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లలో అరగంట ఉంచి కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. అయినా పోకపోతే రబ్బరు మార్చేయడమే. కొత్త డబ్బా కొనేటప్పుడే రబ్బరు ఊడి వస్తుందా, విడిగా దొరుకుతుందా అని అడగండి. మూతకి అతికించేసిన రకమైతే ఎంత ముద్దొచ్చినా అక్కడే పెట్టేసి వచ్చేయండి.